జర్మన్ పరీక్ష: రాసేది ఆమె, ఎంచేది ఎవరు?

మా సలహా కేంద్రానికి వచ్చే కాగితాలు చాలావరకు ఒకే రకంగా ఉంటాయి. పెళ్లి ఫోటో, శుభలేఖ, పోలీసు స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదు నకలు, ఆసుపత్రి చీటీ. ఏళ్ల తరబడి వీటినే చూస్తున్నాను. నిరుడు వేసవిలో జగిత్యాల దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చిన నర్సు బల్ల మీద పెట్టిన కాగితాలు మాత్రం నాకు కొత్త. ఒక మార్కుల పత్రం, ఒక శిక్షణ కేంద్రంతో చేసుకున్న ఒప్పందం, ఫీజు రసీదులు. ఆమె అడిగిన ప్రశ్న ఇంకా కొత్త.

"అక్కా, గోథే రాయమంటరా, టెల్క్ రాయమంటరా? ఏది అల్కగ ఉంటదో చెప్పుండ్రి."

నాకు నవ్వొచ్చింది. జర్మన్ పరీక్ష గురించి నన్నా అడగడం? పక్కనున్న మా సహోద్యోగి అయితే "ఇది మన పని కాదమ్మా, ట్యూషన్ సార్‌ని అడుగు" అని పంపించేయబోయింది. ఆ ఒప్పందం చదివాక మా ఇద్దరికీ నవ్వు పోయింది. బి2 పరీక్ష పాస్ కాకుండా మధ్యలో మానేస్తే శిక్షణ ఖర్చు మొత్తం తిరిగి కట్టాలి. సంస్థ చెప్పిన పరీక్షే, సంస్థ చెప్పిన తేదీకే రాయాలి. నర్సింగ్ ఒరిజినల్ సర్టిఫికెట్లు సంస్థ దగ్గరే 'భద్రంగా' ఉంటాయి. కింద ఆమె సంతకం, ఆమె తండ్రి సంతకం.

ఏ పరీక్ష రాయాలన్నది చదువుకు సంబంధించిన చిన్న విషయమని అప్పటిదాకా అనుకునేదాన్ని. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఈ ఏడాదిన్నరలో ఇలాంటి వాళ్లు మా దగ్గరికి పదిమంది దాకా వచ్చారు. అందరి విషయంలోనూ పరీక్షను ఎంచింది ఆమె కాదు. శిక్షణ కేంద్రమో, ఏజెంటో, భర్తో, మామగారో ఎంచారు. రాసింది, తప్పింది, మాట పడింది మాత్రం ఆమె.

జగిత్యాల అమ్మాయి దగ్గరికి మళ్లీ వస్తాను. అంతకన్నా ముందు మేము చేసిన ఒక తప్పు గురించి రాయాలి. అది రాయకుండా మిగతావి రాస్తే న్యాయం కాదు.

అంతకు రెండేళ్ల ముందు ఒక కొత్త పెళ్లికూతురు వచ్చింది. భర్త జర్మనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పెళ్లయిన పదిహేను రోజులకు అతను వెళ్లిపోయాడు. జర్మన్ భాషలో ఎ1 పరీక్ష పాస్ అయితేనే భార్యకు వీసా ఇస్తారని, పాస్ అయ్యాక తీసుకెళ్తానని చెప్పి వెళ్లాడు. ఆమె డిగ్రీ దాకా తెలుగు మీడియం. ఒకసారి రాసి తప్పింది. అత్తగారింట్లో సూటిపోటి మాటలు మొదలయ్యాయి. "ఆ మాత్రం చదవలేని దాన్ని అంటగట్టారు" అన్నారట. మేమేం చేశాం? ఓదార్చాం. ధైర్యం చెప్పాం. ఇంకో శిక్షణ కేంద్రం చూపించి మళ్లీ రాయమన్నాం. అత్తగారితో మాట్లాడి "పాస్ అయ్యేదాకా కొంచెం ఓపిక పట్టండి" అన్నాం. అంటే, అడ్డం పెట్టిన షరతు సరైనదేనని మేమూ ఒప్పుకున్నాం.

నాలుగు నెలల తర్వాత ఆమె తన ఫోన్‌లో ఉన్న భర్త నివాస కార్డు ఫోటో చూపించింది. దాని మీద యూరోపియన్ యూనియన్ బ్లూ కార్డు అని ఉంది. బ్లూ కార్డు ఉన్న ఉద్యోగి భార్యకు గానీ భర్తకు గానీ వీసా కోసం జర్మన్ పరీక్ష అక్కర్లేదు. అసలు ఆ పరీక్షే అక్కర్లేదు! ఆమె రాసిన మొదటి పరీక్షా అక్కర్లేదు, మేము రాయించబోయిన రెండో పరీక్షా అక్కర్లేదు. ఈ సంగతి భర్తకు తెలియదా? ఫోన్లో అడిగితే కాసేపు మాట లేదు. తర్వాత "కనుక్కుంటాను" అన్నాడు. ఇది మా గదికి రావాల్సిన కేసేనని మాకు అర్థమైంది అప్పుడే. అది పరీక్ష సమస్య కాదు. భార్యను తీసుకెళ్లడం ఇష్టం లేని మనిషి పరీక్ష వెనక దాక్కున్న వ్యవహారం. ఆమె పాస్‌పోర్టు అత్తగారి బీరువాలో ఉంది. దాన్ని బయటికి తీయడానికి ఒక నెల, అతను తన వైపు కాగితాలు పంపడానికి మరో ఐదు నెలలు పట్టింది.

కాబట్టి ఏ పరీక్ష అని అడగడానికి ముందు, అసలు పరీక్ష కావాలా అని అడగాలి. మేము ఆ ప్రశ్న వేయలేదు.

జర్మనీ 2007లో చట్టం మార్చి, జీవిత భాగస్వామి దగ్గరికి వచ్చేవాళ్లు స్వదేశంలోనే ఎ1 స్థాయి జర్మన్ నేర్చుకుని రుజువు చూపాలని పెట్టింది. అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి స్త్రీవాదులమైన మనం ఆగి చూడాల్సింది. బలవంతపు పెళ్లిళ్లను అరికట్టడానికట! భాష వచ్చిన స్త్రీ తనను తాను కాపాడుకోగలదు కాబట్టి ఈ నిబంధన ఆమె మేలు కోసమేనన్నారు. బాగానే ఉంది. మరి అమెరికా, కెనడా, జపాన్, దక్షిణ కొరియా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఇజ్రాయెల్ పౌరుల భార్యాభర్తలకు ఈ షరతు ఎందుకు లేదు? వాళ్లకు రక్షణ అక్కర్లేదా? టర్కీ, భారత్, థాయిలాండ్ స్త్రీలకే కావాలా? మన రక్షణ పేరుతో మన కాలికి వేసే గొలుసు మనకు కొత్త కాదు. రాత్రి డ్యూటీలు వద్దనడం దగ్గర్నుంచి చూస్తూనే ఉన్నాం.

ఆ షరతు మీద కోర్టుల్లో పోరాటం జరిగింది. జర్మన్ పౌరుల జీవిత భాగస్వాముల విషయంలో, ఏడాది పాటు ప్రయత్నించినా నేర్చుకోలేకపోతే ఇంకా ఆపి ఉంచడం తగదని అక్కడి ఫెడరల్ పరిపాలనా న్యాయస్థానం 2012లో చెప్పింది. 2014లో యూరోపియన్ న్యాయస్థానం ముందుకు వచ్చిన కేసు మరీ ఆలోచింపజేస్తుంది. ఒక టర్కీ స్త్రీ గోథే వారి ఎ1 పరీక్ష 62 మార్కులతో పాస్ అయింది. అయినా రాయబార కార్యాలయం వీసా ఇవ్వలేదు. ఆమెకు చదవడం రాయడం రాదని, జవాబులు గుడ్డిగా టిక్కు పెట్టిందని, మాట్లాడిన వాక్యాలు బట్టీ పట్టిందని కారణం చెప్పారు. పరీక్ష తప్పినా తప్పే, పాస్ అయినా తప్పే! టర్కీతో పాత ఒప్పందం ఉన్నందువల్ల ఆ దేశస్థుల మీద ఇలాంటి కొత్త షరతు పెట్టడం చెల్లదని ఆ న్యాయస్థానం తీర్పిచ్చింది. 2015లో చట్టంలోనే ఒక వెసులుబాటు చేర్చారు. ఒకరి ప్రత్యేక పరిస్థితుల్లో నేర్చుకోవడం సాధ్యం కాకపోయినా, న్యాయంగా వాళ్లనుంచి ఆశించలేనిదైనా మినహాయింపు అడగవచ్చు. అనారోగ్యం, వైకల్యం ఉన్నవారికి అంతకుముందే ఉంది. 2022 చివర్లో వచ్చిన సవరణతో బ్లూ కార్డు వాళ్లకే కాక ఇతర నిపుణ ఉద్యోగుల జీవిత భాగస్వాములకూ షరతు తీసేశారు. నర్సుగా గుర్తింపు పొందిన స్త్రీ తన భర్తను పిలిపించుకుంటే అతనికీ అది వర్తిస్తుంది. ఈ మాట నర్సులకు చెబితే కళ్లు పెద్దవి చేసుకుని వింటారు. భర్త భార్య వీసా మీద వెళ్లడమన్న ఊహే చాలామందికి తట్టదు.

భర్త జర్మన్ పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం భార్యకు ఎ1 మామూలుగా కావాల్సిందే. మన తెలుగువాళ్లు అక్కడ స్థిరపడి పౌరసత్వం తీసుకుంటున్న కొద్దీ ఇలాంటి పెళ్లికూతుళ్లూ పెరుగుతారు. కాబట్టి సంబంధం చూసేటప్పుడే అబ్బాయి జీతంతో పాటు అతని నివాస పత్రం ఏ రకమో కూడా అడగమని తల్లిదండ్రులకు చెబుతున్నాం. జాతకం అడిగినప్పుడు లేని మొహమాటం దీనికెందుకు?

ఎ1 కావాల్సినవాళ్లు ఏది రాయాలి? ఇక్కడ పెద్దగా తర్జనభర్జన అక్కర్లేదు. గోథే, టెల్క్, ఆస్ట్రియా వాళ్ల ఓఎస్‌డి, మూడూ ఒకే యూరోపియన్ కొలమానం మీద తయారైనవే. గోథే ఎ1 లో వినడం 20 నిమిషాలు, చదవడం 25, రాయడం 20, మాట్లాడడం 15 నిమిషాలు. మొత్తం 100కి 60 వస్తే చాలు. సుమారు 650 మాటల పట్టిక ఉంది. తన పేరు, ఊరు, చేసే పని చెప్పడం, పేరులో అక్షరాలు ఒక్కొక్కటిగా పలకడం, ఫోన్ నంబరు చెప్పడం, కార్డు మీద బొమ్మ చూసి ఏదైనా ఇవ్వమని అడగడం, ఒక ఫారం నింపడం, నాలుగు ముక్కల ఉత్తరం రాయడం. దీనికి ఏది తేలికని వెతుకుతూ రెండు నెలలు పోగొట్టుకునే బదులు, వీసా ఇచ్చే కార్యాలయం ఏది ఒప్పుకుంటుంది, దగ్గర్లో ఏ కేంద్రంలో తేదీ దొరుకుతుంది, రాత్రి బస చేయకుండా వెళ్లి రాగలదా అన్నవి చూసుకుంటే చాలు. హైదరాబాద్‌లో గోథే జెంట్రుమ్ ఉంది, చెన్నైలో మాక్స్ ముల్లర్ భవన్ ఉంది. పసిబిడ్డ తల్లికి ప్రయాణ దూరం కూడా పరీక్షలో భాగమే.

ఒక్క జాగ్రత్త. శిక్షణ కేంద్రం సొంతంగా ఇచ్చే 'ఎ1 పూర్తి చేసినది' అనే పత్రం వేరు, పరీక్ష సర్టిఫికెట్ వేరు. రంగుల ముద్రలు చూసి మోసపోయినవాళ్లు ఉన్నారు. డబ్బిస్తే పరీక్ష లేకుండానే సర్టిఫికెట్ తెప్పిస్తామనే వాళ్లు కూడా తిరుగుతున్నారు. అసలు సంస్థలు సర్టిఫికెట్లను సరిచూసే ఏర్పాటు పెట్టాయి. దొరికిపోయేది ఏజెంటు కాదు, ఆమె.

ఇక నర్సులు. అసలు ఎంపిక ప్రశ్న వీళ్లదే.

జర్మనీలో నర్సుగా గుర్తింపు ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం కాదు. 16 రాష్ట్రాలున్నాయి, ఏ రాష్ట్రంలో ఉద్యోగమైతే అక్కడి కార్యాలయం ఇస్తుంది. మామూలుగా బి2 స్థాయి అడుగుతారు. ఏ ఏ సంస్థల సర్టిఫికెట్లు తీసుకుంటామో ఆ కార్యాలయమే చెబుతుంది. కాబట్టి నర్సు మొదట తెలుసుకోవాల్సింది తను పోబోయే ఆసుపత్రి ఏ రాష్ట్రంలో ఉందన్నది. మా దగ్గరికి వచ్చినవాళ్లలో సగం మందికి ఆ రాష్ట్రం పేరే తెలియదు. "జర్మనీ మేడమ్" అంటారు. పెళ్లికొడుకు ఊరు అడిగితే "అమెరికా" అన్నట్టు.

బి2 లో గోథే, టెల్క్ రెండూ వేర్వేరు పద్ధతుల్లో మార్కులు కలుపుతాయి. ఈ తేడా ఎవరూ అమ్మాయిలకు విడమర్చి చెప్పరు. గోథే బి2 లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం నాలుగూ విడివిడి భాగాలు. ఒక్కోదానికి 100 మార్కులు, ఒక్కోదానిలో 60 రావాలి. ఒకదానిలో ఎక్కువ వస్తే ఇంకోదానికి సాయం చేయదు. కానీ 2019 నుంచి బి2 ను భాగాలుగా రాసుకోవచ్చు. తప్పిన భాగం ఒక్కటే మళ్లీ రాస్తే సరిపోతుంది. టెల్క్ బి2 లో మొత్తం 300 మార్కులు. రాతపరీక్షకు 225, మాట్లాడేదానికి 75. రాతలో మొత్తం మీద 135, మాట్లాడేదానిలో 45 వస్తే పాస్. రాతపరీక్షలో చదవడం 75, వ్యాకరణం, పదాల ఖాళీలు 30, వినడం 75, రాయడం 45. ఇవి ఒకదానికొకటి సాయం చేసుకుంటాయి.

ఒక లెక్క వేసి చూపిస్తాను. ఒకామెకు టెల్క్‌లో చదవడంలో 60, ఖాళీలలో 20, వినడంలో 45, రాయడంలో 15 మాత్రమే వచ్చాయనుకోండి. మొత్తం 140. రాతపరీక్ష గట్టెక్కింది. రాయడంలో మూడో వంతే తెచ్చుకున్న ఆమె గోథే రాస్తే ఆ భాగం తప్పినట్టే. అంటే రాయడం ఒక్కటే బలహీనమైన అమ్మాయికి టెల్క్ అనుకూలం. అన్నీ అటూ ఇటూగా ఉండి, ఒకేరోజు అన్నీ రాసే శక్తి, సమయం లేని అమ్మాయికి గోథే అనుకూలం. రాత్రి డ్యూటీలు చేస్తూ, పిల్లల్ని చూసుకుంటూ చదివే ఆమె ఈసారి చదవడం, వినడం, ఆర్నెల్లకు మిగతా రెండూ రాసుకోవచ్చు. అయితే వేర్వేరు తేదీల భాగాలు తమకు సరేనా అని ఆసుపత్రినీ, గుర్తింపు కార్యాలయాన్నీ ముందే ఉత్తరం రాసి అడగాలి. నోటిమాట చాలదు.

టెల్క్ వారిది నర్సుల కోసమే ఇంకో పరీక్ష ఉంది, బి1·బి2 ఫ్లేగె అని. అందులో విషయాలన్నీ రోగి సంరక్షణవే. బి2కు చాలినన్ని మార్కులు రాకపోతే బి1 అయినా రావచ్చు. గుంటూరు నుంచి వచ్చిన ఒక సీనియర్ నర్సుకు మామూలు బి2 లో 'నగరాల్లో కార్లు నిషేధించాలా' వంటి చర్చలంటే నోరు పెగిలేది కాదు. రోగి పరిస్థితి చెప్పమంటే మాత్రం గడగడా చెప్పేది. ఇరవయ్యేళ్లు చేసిన పని కదా. ఆమెకు ఈ పరీక్ష సంగతి చెప్పినవాళ్లు లేరు. ఎందుకంటే ఆమె చేరిన కేంద్రంలో దానికి శిక్షణ లేదు. కొట్లో లేని సరుకు ఊళ్లోనే లేదన్నట్టు మాట్లాడారు. తన రాష్ట్రపు కార్యాలయం ఒప్పుకుంటుందని రాతపూర్వకంగా తెలుసుకున్నాక ఆమె దానికే చదివింది.

ఇప్పుడు జగిత్యాల అమ్మాయి మార్కుల పత్రం. గోథే బి2 నాలుగు భాగాలూ ఒకేసారి రాసింది. చదవడం, వినడం, మాట్లాడడం మూడూ పాస్. రాయడంలో 52. ఎనిమిది మార్కులు తక్కువ. శిక్షణ కేంద్రం ఏం చెప్పిందంటే, "గోథే నీకు కుదరదు, ఈసారి టెల్క్ బ్యాచ్‌లో చేరు, మొత్తం మళ్లీ రాయాలి" అని. మళ్లీ మూడు నెలల ఫీజు, మళ్లీ పూర్తి పరీక్ష ఫీజు. ఆ ఒక్క భాగమే రాసుకోవచ్చని చెప్పలేదు. తెలియక చెప్పలేదా, తెలిసే చెప్పలేదా అన్నది నేను రుజువు చేయలేను. రుజువు చేయగలిగిందల్లా, చెప్పకపోవడం వల్ల ఎవరికి లాభమో అన్నదే.

"రాయడంలోనే ఎందుకు పోయింది?" అని అడిగాను. గోథే బి2 లో రాయడానికి 75 నిమిషాలు. ఒక విషయం మీద తన అభిప్రాయం 150 మాటల్లో రాయాలి, తర్వాత ఉద్యోగానికి సంబంధించిన ఒక సందేశం 100 మాటల్లో. సందేశం బాగా రాసిందట. అభిప్రాయం దగ్గర చేయి ఆగిపోయిందట.

"మా స్కూల్ల జవాబు అడిగిన్రు గని నీ అభిప్రాయమేందని ఎన్నడు అడగలే అక్కా. తెలుగులనే రాయలే, జర్మన్ల ఏం రాయాలె?"

ఆ మాట విని చాలాసేపు ఏమీ అనలేకపోయాను. మన సంస్థల్లో ఏళ్ల తరబడి చేస్తున్న పనే అది కదా, ఆడపిల్లకు అభిప్రాయం ఉంటుందని చెప్పడం. అది లేక బెర్లిన్ దాకా వెళ్లే దారిలో కాలు తట్టుకుంటుందని నాకు తట్టలేదు. వారానికి రెండు సాయంత్రాలు మా గదిలో కూర్చోబెట్టాం. మా ఇద్దరికీ జర్మన్ రాదు. తెలుగులోనే రాయించాం. పెళ్లయ్యాక ఉద్యోగం మానాలా? ఆసుపత్రిలో మగ నర్సులు ఉండాలా? నీ వాదన ఏమిటి, ఎదుటివాడు ఏమంటాడు, దానికి నీ జవాబేమిటి? తర్వాత ఆమె దాన్ని జర్మన్‌లోకి మార్చుకుని, అక్కడ పనిచేస్తున్న తన సీనియర్‌కు పంపి దిద్దించుకునేది.

ఒప్పందం సంగతి ఇంకా తేలలేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపే అధికారం ఏ శిక్షణ కేంద్రానికీ లేదని వకీలుతో నోటీసు ఇప్పిస్తే, తొమ్మిదో రోజు కాగితాలు తిరిగొచ్చాయి. డబ్బు పేచీ నడుస్తోంది. ఇక్కడ ఒక విషయం కార్యకర్తలు గుర్తుపెట్టుకోవాలి. విదేశాల నుంచి నర్సులను తీసుకెళ్లే సంస్థలకు న్యాయమైన నియామకం అనే ప్రభుత్వ ముద్ర ఒకటి జర్మనీలో 2022 నుంచి ఇస్తున్నారు. నియామకం ఖర్చు యజమానే పెట్టుకోవాలి, నర్సు మీద వేయకూడదన్నది దాని మూలసూత్రం. మన దగ్గర తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులకు జర్మన్ నేర్పి పంపే కార్యక్రమం చేపట్టింది. నర్సు సంతకం పెట్టకముందే "మీకు ఆ ముద్ర ఉందా? నా భాషా శిక్షణ ఖర్చు ఎవరిది?" అని అడిగేలా చేస్తే మన పని సగం అయినట్టే. సంతకం అయ్యాక మన దగ్గరికి వస్తే మిగిలేది నోటీసులే.

చదువుకోవడానికి వెళ్లే అమ్మాయిల గురించి రెండు మాటలు చాలు. ఇంగ్లీషులో ఎం.ఎస్. చేసేవాళ్లకు ప్రవేశానికి చాలాచోట్ల జర్మన్ పరీక్షే అడగరు. జర్మన్‌లో చదవాలనుకుంటే టెస్ట్‌డాఫ్ ఇక్కడినుంచే రాసి వెళ్లవచ్చు, నాలుగు భాగాల్లోనూ నాలుగో స్థాయి వస్తే సాధారణంగా అన్ని విశ్వవిద్యాలయాలూ ఒప్పుకుంటాయి. డిఎస్‌హెచ్ అక్కడి విశ్వవిద్యాలయాలు పెట్టేది. అక్కడికి వెళ్లాక తప్పితే ఇల్లు, ఖర్చు, తిరుగు ప్రయాణం అన్నీ చిక్కే. ఇంటివాళ్లను ఒప్పించి, అప్పు చేసి వెళ్లే ఆడపిల్లకు మొదటిదే మంచిదని నా అభిప్రాయం.

మా సంస్థలో దీని మీద వాదన జరిగింది, ఇంకా జరుగుతోంది. సంపన్న దేశపు ముసలివాళ్లకు సేవ చేయడానికి మన నర్సులను తయారుచేసి పంపడం స్త్రీల హక్కుల పనా అని ఒక మిత్రురాలు నిలదీసింది. ఆమె అడిగినదాంట్లో న్యాయం లేకపోలేదు. 1960లలో కేరళ నుంచి చర్చిల ద్వారా వేలమంది యువతులు పశ్చిమ జర్మనీకి నర్సులుగా వెళ్లారు. 1970ల రెండో సగంలో అవసరం తగ్గిందనుకోగానే చాలామందికి అనుమతులు పొడిగించకుండా వెనక్కి పొమ్మన్నారు. ఆ చరిత్ర మన నర్సులకు తెలియాలి. ఇక్కడి ప్రైవేటు ఆసుపత్రుల్లో ఇచ్చే జీతం, పెట్టే చాకిరీ చూసినవాళ్లు మాత్రం వెళ్లొద్దని ఏ మొహంతో చెబుతారు? వెళ్లేది ఆమె. మోసపోకుండా, తన కాగితాలు తన చేతిలో ఉంచుకుని వెళ్లేలా చూడటం మన పని కాదని నేను అనుకోను.

ఇంకో మిత్రురాలిది వేరే ప్రశ్న. పరీక్ష అక్కర్లేదని తెలిశాక ఆ బ్లూ కార్డు పెళ్లికూతురు ఏం చేసింది అని. అత్తగారింటివాళ్లు వెంటనే జర్మన్ క్లాసు మాన్పించారు. "అక్కర్లేదంట కదా, ఫీజు దండగ" అన్నారు. ఆమెకు మానడం ఇష్టం లేదు. మేము ఇక్కడ రెండోసారి తప్పు చేయలేదు. వీసాకు అక్కర్లేకపోవడం వేరు, ఆమెకు అక్కర్లేకపోవడం వేరు అని గట్టిగా చెప్పాం. షరతుగా పెట్టినప్పుడు ఎదిరిస్తాం, నేర్చుకుంటానంటే వెనక నిలబడతాం. ఇందులో వైరుధ్యం ఉందని నాకు అనిపించదు.

ఎందుకంటే అక్కడికి వెళ్లాక ఆమె నివాస హక్కు భర్త మీద ఆధారపడి ఉంటుంది. మామూలుగా జర్మనీలో మూడేళ్లు కాపురం చేశాకే విడిపోయినా స్వతంత్రంగా ఉండే హక్కు వస్తుంది. కొట్టడం, హింసించడం ఉంటే మూడేళ్లు నిండకపోయినా ఆ హక్కు అడగవచ్చు. ఈ సంగతి భర్త చెప్పడు. "వెళ్లిపోతే నీ వీసా పోతుంది" అనే చెబుతాడు. హింసకు గురైన స్త్రీల కోసం 116 016 అనే ఉచిత ఫోన్ నంబరు ఉంది, రాత్రీ పగలూ పనిచేస్తుంది. జర్మన్ కాక మరో 18 భాషల్లో మాట్లాడతారు, వాటిలో ఇంగ్లీషు ఉంది, తెలుగు లేదు. ఫోన్ చేయడానికి ఇంగ్లీషు చాలు. పోలీసు ఇంటి తలుపు తట్టినప్పుడు, భర్త ముందుకొచ్చి గడగడా జర్మన్‌లో చెప్పేస్తున్నప్పుడు, అతను ఏం చెబుతున్నాడో అర్థం కావాలంటే ఎ1 కూడా చాలదు. కొత్తగా కుటుంబంతో కలిసి ఉండటానికి వెళ్లినవాళ్లకు అక్కడ 600 పీరియడ్ల భాషా తరగతులతో సమ్మిళిత కోర్సు ఉంటుంది. దానికి చేరడం తన హక్కని ఆమె పర్సులో రాసిపెట్టి పంపించాం. చేరిందని మొన్న ఫోన్ చేసింది. క్లాసులో తన పక్కన సిరియా ఆమె కూర్చుంటుందట, ఇద్దరూ వచ్చీరాని జర్మన్‌లోనే మాట్లాడుకుంటారట.

ఇప్పుడు మా కేంద్రంలో ఒక పుస్తకం పెట్టాం. జర్మనీ విషయమై ఎవరొచ్చినా ముందు నాలుగు సంగతులు అందులో రాస్తాం. సర్టిఫికెట్ అడుగుతున్న కార్యాలయం ఏది? అది రాతపూర్వకంగా ఏమంది? తప్పితే మళ్లీ ఎంత రాయాలి, ఆ ఖర్చు ఎవరిది? ఒరిజినల్ కాగితాలు ఎవరి దగ్గరున్నాయి? ఏది తేలిక అన్నది ఆ తర్వాత. ఈ పుస్తకం మాదిరి కావాలంటే ఇతర జిల్లాల సంస్థలకు పంపిస్తాం, మా చిరునామాకు ఒక కార్డు రాస్తే చాలు.

జగిత్యాల అమ్మాయి ఆసుపత్రికి ఉత్తరం రాసింది. భాగాలు వేర్వేరు తేదీల్లో రాసినా పర్వాలేదని మూడో రోజే జవాబొచ్చింది. రాయడం ఒక్కటే మళ్లీ రాసింది. ఫలితం రాకముందే మరో ఇద్దరు నర్సులను వెంటబెట్టుకుని వచ్చి, బుధవారం సాయంత్రాలు మా గది ఖాళీగా ఉంటుందా అని అడిగింది. వాళ్లలో ఒకామె పరీక్ష రుసుము కట్టేసిందట, ఏ పరీక్షకో మాత్రం రసీదు చూసి చెప్పాలి అంది.